గోడ పక్క కుర్చీ

ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఫుట్‌బాల్ కార్యక్రమానికి ఒకప్పుడు అతిథులుగా వచ్చిన పాత ఆటగాళ్ళలో ముగ్గురు ఆ ఏడాది కన్నుమూశారు. ముగ్గురిదీ ఒకే జట్టు. వాళ్ళను తలుచుకుంటూ ఒక ఎపిసోడ్ చెయ్యాలని టీవీవాళ్ళు అనుకున్నారు. పని ఎడిటరమ్మ నెత్తిన పడింది. ఆమెకు ఫుట్‌బాల్‌లో ఓనమాలు కూడా రావు. బంతి వలలో పడితే అరవాలని మాత్రం తెలుసు.

పొద్దున్నే కాఫీ కప్పుతో ఎడిటింగ్ గదిలో కూర్చుని, ఆ ముగ్గురిలో ముందుగా గోల్‌కీపర్ ఇంటర్వ్యూ పెట్టుకుంది. ఆయన్ని అందరూ గోడ అనేవారు. మనిషి గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు. కార్యక్రమం మొట్టమొదటి ఎపిసోడ్ అదే, అదీ లైవ్. అప్పటికింకా యాంకర్ జుట్టు నల్లగానే ఉంది. గోడకు ఎడమ పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది.

మొదట్లో గోడ మాటిమాటికీ స్టూడియో తలుపు వైపు చూస్తున్నాడు. కొంతసేపటికి ఆయన ముఖం విప్పారింది. ఎవరికో దారి ఇస్తున్నట్టు కాళ్ళు ముడుచుకున్నాడు. ఇక తలుపు వైపు చూడలేదు. నవ్వొచ్చినప్పుడల్లా ఖాళీ కుర్చీ వైపు తిరిగి నవ్వాడు.

చూసేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉంటుందని ఎడిటరమ్మ ఆ చూపులన్నీ కత్తిరించేసింది.

తర్వాత డిఫెండర్ ఇంటర్వ్యూ. సెట్టు మారింది, వెనక రంగులు మారాయి, ఆ కుర్చీ మాత్రం అక్కడే ఉంది. పాత మ్యాచ్ గురించి యాంకర్ అడిగితే, డిఫెండర్ పక్కకు తిరిగి "నువ్వు చెప్పరా" అని గొణిగాడు. కాసేపు తలాడిస్తూ విన్నాడు. తర్వాత కెప్టెన్‌ది. ఆయన మంచినీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండా ఖాళీ కుర్చీ ముందుకు జరిపాడు.

ఎడిటరమ్మ వేరే జట్లవాళ్ళ ఇంటర్వ్యూలు నాలుగైదు తీసి చూసింది. వాళ్ళెవరూ అటువైపు కన్నెత్తి కూడా చూడలేదు.

యాంకర్ వచ్చేదాకా ఆమె మరో క్లిప్ ముట్టుకోలేదు.

"సార్, ఆ కుర్చీ ఎవరిది?"

ఆయన తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గాలిపటం అని ఒకడుండేవాడమ్మా. వింగర్, మైదానం అంచు వెంబడి దూసుకెళ్ళేవాడు. బంతి కాలికి తగిలితే చాలు, ఇక నేల మీద ఉండేవాడు కాదు. మొదటి ఎపిసోడ్‌కి గోడతో పాటు వాణ్ణీ పిలిచాం. దారిలో లారీ గుద్దింది. షో అయ్యాకే మాకు ఫోనొచ్చింది. గోడకి ఎలా చెప్పాలో తెలీక నీళ్ళు నమిలాను."

"విని ఆయనేమన్నారు?"

"నాకేదో పిచ్చి పట్టినట్టు చూశాడు. 'ఇప్పటిదాకా నా పక్కనే కూర్చున్నాడుగా, నోరు మూసుకోకుండా నా మీద జోకులేస్తూ' అన్నాడు."

ఎడిటరమ్మ తెర మీది కుర్చీ వైపు తిరిగింది.

"కుర్చీ తీసెయ్యమని పైవాళ్ళు చాలాసార్లు చెప్పారు. ఏదో ఒక వంక పెట్టి ఉంచేశాను. వాడితో ఆడినవాళ్ళు ఎవరొచ్చినా వాళ్ళకది ఖాళీగా కనిపించదమ్మా."

"మరి మీకు కనిపించారా?"

"లేదు. నేనెప్పుడూ వాడితో ఆడలేదు కదా." ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కాస్త అసూయ కనిపించింది.

ఆయన వెళ్ళాక, కత్తిరించిన చూపులన్నీ ఎడిటరమ్మ మళ్ళీ అతికించింది. పాత పేపర్లు గాలించి గాలిపటం ఫోటో సంపాదించి, ముగ్గురి సరసన పెట్టింది. దాని తర్వాత మాటా సంగీతమూ లేకుండా కాసేపు ఆ కుర్చీని చూపించింది.

ఎపిసోడ్ వచ్చిన మర్నాడు గాలిపటం చెల్లెలు ఆఫీసుకు ఫోన్ చేసింది. గొంతును బట్టి పెద్దావిడ.

"మా అన్నయ్య ఇంకెవరికీ గుర్తులేడనుకున్నానమ్మా. చాలా సంతోషం. కానీ ఒకటి అడగాలి. ఆ మాటలు ఎప్పుడు రికార్డు చేశారు?"

"ఏ మాటలండీ?"

"ఫోటో తర్వాత కుర్చీ చూపించారు చూడండి, అప్పుడు మాట్లాడాడుగా. మా ఇంట్లోవాళ్ళేమో ఏమీ వినపడలేదంటున్నారు. నా చెవులు బాగానే ఉన్నాయి. చిన్నప్పుడు వాకిట్లో నన్ను గోల్‌లో నిలబెట్టి, చీకటి పడేదాకా బంతి తన్నేవాడు. ఆ గొంతు నాకు తెలీదా?"

ఎడిటరమ్మ ఫోన్ భుజానికి ఆనించుకుని, ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆ చోటు వెతికి పట్టుకుంది. ఎంత పెంచినా నిశ్శబ్దమే. అక్కడేమీ లేదండీ అని చెప్పబోయి మానేసింది.

"మీ అన్నయ్యగారు ఏమన్నారండీ?" అని అడిగింది.

"గొప్ప మాటేం కాదులెండి." ఆవిడ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "'ఒసేయ్, గోడ వచ్చేశాడే. ఇక నువ్వు గోల్‌లో నిలబడక్కర్లేదు, వెళ్ళి అన్నం తిను' అన్నాడు."

ఎడిటరమ్మ ఆ చోటు మళ్ళీ మొదటినుంచి పెట్టి, హెడ్‌ఫోన్ తీసి ఫోన్‌కు ఆనించింది. అవతల ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు.