భుజం మీది చెయ్యి

ఫోటో పెట్టగానే పేరా చెదిరిపోయింది. అప్పటిదాకా బుద్ధిగా వరుసలో నిలబడ్డ అక్షరాలు సగానికి సగం కింది పేజీలోకి జారిపోయాయి. రెండు మాటలు మాత్రం ఫోటో పక్కన ఇరుకు సందులో చిక్కుకుని బిక్కుబిక్కుమంటూ మిగిలాయి. పెద్దకోడలు కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది.

ఆవిడ వకీలు ఆఫీసులో టైపిస్టు. అక్షరాలతో జీవితమంతా వేగింది కాబట్టి అవి ఆవిడ మాట వింటాయి. బొమ్మలు వినవు. కుడికి జరిపితే కిందికి పోతాయి, మూల పట్టుకుని కాకుండా పక్క పట్టుకుని లాగితే మనిషి మొహం గుమ్మడికాయలా సాగుతుంది. వారమంతా ఆఫీసులో కొట్టి కొట్టి, సెలవు రోజైనా నడుం వాలుద్దామంటే ఇంట్లోనూ అదే మౌసు, అదే తెర. ఇంట్లో టైపు కొట్టే పని ఏదైనా వచ్చిందంటే గోడకు కొట్టిన బంతిలా తిరిగి ఆవిడ ఒళ్లోకే వచ్చి పడుతుంది.

ఈసారి పని అత్తగారి పుస్తకం. ఆవిడకు ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి చిన్న పుస్తకం వేయించాలని పిల్లలు తీర్మానించారు. పేజీకో ఫోటో, దాని కింద అత్తగారు చెప్పిన నాలుగు మాటలు. అత్తగారు చెబుతుంటే కోడలు కొట్టింది. అంతవరకు బాగానే జరిగింది. చిక్కంతా చివరి పేజీలో వచ్చింది.

ఫోటో అంటే చాలు, అత్తగారు కోర్టు బోనెక్కిన సాక్షిలా బిగుసుకుపోతారు. పెళ్లినాటి ఫోటో నుంచి మొన్నటి పెన్షను ఫోటో వరకు అన్నిట్లో అదే మొహం. నవ్విన ఫోటో ఒకే ఒక్కటి. నోరంతా తెరిచి, కళ్లు మూసుకుపోయి, తల కాస్త వెనక్కి వాలి. ఆ పక్కనే అత్తగారి భుజం మీద చెయ్యేసి చిన్నకోడలు నిలబడి ఉంది.

చిన్నకోడలికి గలగల అని పేరు పెట్టింది అత్తగారే. వచ్చిన కొత్తలో విసుగ్గా పెట్టారు, తర్వాత ముద్దుగా పిలిచారు. ఆ పిల్ల మెట్లెక్కుతూ మాట్లాడేది, పళ్లు తోముకుంటూ మాట్లాడేది. తోడికోడళ్లిద్దరూ వంటింట్లో ఉంటే చెవులు మూసుకోవలసి వచ్చేదని మగవాళ్లు అనేవారు. నిజానికి మాట్లాడేది ఒక్కరే, పెద్దామె వినేది. వినడం కూడా ఒక స్నేహమే. మరిదికీ ఆ పిల్లకీ పొసగలేదు. ఎవరి తప్పెంతో తూచే త్రాసు ఎవరి దగ్గరుంది గనుక. ఒక సాయంత్రం పెద్దకోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి చెప్పుల అరలో ఒక గడి ఖాళీగా ఉంది. వెళ్లొస్తానన్న మాట కూడా ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. అప్పటినుంచి తలుపు దగ్గర చెప్పులు విప్పినప్పుడల్లా ఆవిడ కళ్లు ముందు ఆ గడి మీదికే పోతాయి. ఇంకెవరైనా వెళ్లిపోయారేమోనని మిగతా గడులు కూడా చూసుకుంటుంది.

ఇప్పుడు మరిదికి మళ్లీ సంబంధం కుదిరింది. ఆడపిల్ల తరఫువాళ్లు వేడుకకు వస్తున్నారు. అతడు మధ్యాహ్నం వచ్చి వెనకాల కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"వదినా, ఆ ఫోటో తీసెయ్."

"అత్తయ్య నవ్వింది అదొక్కదాంట్లోనే కదయ్యా."

"అయితే ఆమెని తీసెయ్. అమ్మని ఉంచు."

అంచులు కత్తిరించడాన్ని క్రాప్ అంటారని అతడికే తెలుసు, చెయ్యడం ఆవిడకే తెలుసు. ఫోటో చుట్టూ నల్లగీతలు వచ్చాయి. కుడిగీతను పట్టుకుని లోపలికి నెట్టుకుంటూ వచ్చింది. ముందు కిటికీ పోయింది, తర్వాత చెవి, నవ్వుతున్న మొహం, మెడ. అక్కడ ఆవిడ చెయ్యి ఆగింది. ఇంకాస్త నెడితే అత్తగారి భుజం పోతుంది, ఆ తర్వాత బుగ్గ. నెట్టకపోతే భుజం మీద చెయ్యి మిగులుతుంది. ఐదు వేళ్లు, మణికట్టుకు ఒక గడియారం. మనిషి లేదు.

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆవిడకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చెయ్యి మీద ఏదైనా అతికించమన్నాడు మరిది. కంప్యూటర్లో ఉన్న బొమ్మల్లోంచి ఒక గులాబీ పువ్వు వెతికి తెచ్చి, ఫోటో ముందుకు వచ్చేలా పెట్టి, వేళ్లన్నీ కప్పేదాకా పెంచింది. అత్తగారి భుజం మీద క్యాబేజీ మొలిచినట్టుంది. అతడు చాలన్నాడు. ఫోల్డరులో ఉన్న అసలు ఫోటోను కూడా తీసెయ్యమని, ఆవిడ తటపటాయిస్తుంటే తనే మౌసు అందుకున్నాడు. ఫోటోను ఒక్క క్షణం తెరిచి చూశాడు. తర్వాత తుడిచేశాడు. కంప్యూటర్లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేసి లేచి వెళ్లిపోయాడు. అతడి ఫోన్‌లోది ఎప్పుడో పోయింది. ఇంట్లో ఆ పిల్ల మొహం ఇక ఎక్కడా లేదు.

ఫైలు ప్రెస్సుకు వెళ్లింది. మర్నాడు సాయంత్రం నమూనా ప్రతి ఇంటికొచ్చింది, వెంటనే ప్రెస్సాయన ఫోనూ వచ్చింది. వాళ్ల మెషీనులో పేజీ కొలత వేరట, అక్షరాలు కాస్త పైకి జరిగాయట, వాటితోపాటు గులాబీ కూడా ముందు పేజీలోకి ఎగిరి సరిగ్గా మామగారి మీసం మీద వాలిందట. చెప్పలేక చెప్పలేక చెప్పాడు పాపం. పువ్వును ఫోటోతో కలిపి ముడి వేయకుండా పేరాకి వదిలేసింది ఆవిడే. అక్షరాలు ఎటు పోతే పువ్వూ అటే పోయింది.

"ఇంకోటి మేడమ్, ఫైలు మరీ బరువుగా ఉంది. కత్తిరించిన ముక్కలన్నీ లోపలే ఉండిపోయినై."

ఆవిడకు అర్థం కాలేదు.

"క్రాప్ చేస్తే పోదండీ. కనబడకుండా దాక్కుంటుంది, అంతే. పూర్తిగా తీసేసే బటన్ వేరే ఉంది. మీరే నొక్కి పంపుతారా, నన్ను నొక్కమంటారా?"

కాసేపాగి చెబుతానంది. కంప్యూటరు తెరిచి చివరి పేజీకి వచ్చింది. ఫోటో మీద నొక్కి మళ్లీ క్రాప్ నొక్కింది. గీత అవతల, మబ్బు వెనక ఉన్నట్టు, మసకగా ఒక మెడ, ఒక నవ్వు, ఒక చెవి, కిటికీ. ఎక్కడికీ పోలేదు. అక్కడే నిలబడి ఉంది. ఆ బటన్ ఒక్కటి నొక్కితే ఈ మసక కూడా ఉండదు. నొక్కకపోతే, ఫైలు ఎవరు తెరిచినా గీత లాగితే చాలు, బయటపడుతుంది. కొత్త సంబంధం, మరిది మొహం, ఇంటి పరువు అన్నీ కళ్లముందు తిరిగాయి. చేత్తో మౌసు పట్టుకుని ఎటూ కదలకుండా కూర్చుంది.

వెనక కర్ర చప్పుడైంది. అత్తగారు నమూనా ప్రతి పట్టుకుని వచ్చారు. మామగారి మీసం మీది గులాబీ గురించి ఒక్క మాట అనలేదు. చివరి పేజీ తెరిచి వేలు పెట్టారు.

"ఈ చెయ్యి గలగలది కదూ?"

"దాన్ని కప్పే పువ్వు జరిగిపోయింది అత్తయ్యా. సరిచేస్తాను."

"కప్పడమెందుకే?"

మరిది అన్నదంతా చెప్పింది కోడలు, ఉన్నది ఉన్నట్టు. వచ్చేవాళ్లు చూస్తారని, అడుగుతారని. అత్తగారు కుర్చీలో కూర్చుని కర్రను మోకాలికి ఆనించుకున్నారు.

"మనిషి సంగతి మీరూ మీరూ తేల్చుకున్నారు. నేను నోరెత్తానా? వాడి కాపురం, వాడి ఇష్టం. భుజం నాది కదే. చెయ్యి సంగతి నన్నొక మాట అడగద్దూ?"

"ఎవరిదీ చెయ్యి అంటే ఏం చెప్తాం?"

"నాకు మూడో చెయ్యి ఉందని చెప్తా. ఎనభై ఏళ్లొచ్చాయి, ఆ మాత్రం మొలవదా?"

కోడలికి నవ్వు రాబోయి మధ్యలో ఆగిపోయింది. అప్పుడు అత్తగారి చూపు తెర మీద పడింది. మసకలో ఉన్న మొహాన్ని చూసి ముందుకు వంగారు. ఇది పోలేదా అని అడిగారు. పోలేదని చెప్పి, కోడలు గీతను పట్టుకుని మెల్లగా బయటికి లాగింది. మెడ తేటపడింది, నవ్వు తేటపడింది, చెవి, చివరికి కిటికీ.

"ఆ రోజు ఫోటో తీసేవాడు కాస్త నవ్వండమ్మా, కాస్త నవ్వండమ్మా అని ప్రాణం తీశాడు," అన్నారు అత్తగారు. "ఇది నా చెవిలో ఏమందో తెలుసా? అత్తయ్యా, ఇప్పుడు నవ్వకపోతే రేపు ఇదే మొహం గోడకెక్కిస్తారు, ఆలోచించుకోండి, అంది."

ఇంకో మనిషి ఎవరన్నా ఆ మాటంటే ఇల్లు పీకి పందిరి వేసేవారు అత్తగారు. పెద్దకోడలు అది తలుచుకుని, గలగల ఈ మాట తనకెప్పుడూ చెప్పలేదేమా అనుకుంది. అన్ని మాటలు చెప్పిన మనిషి ఇది ఒక్కటీ చెప్పకుండా వెళ్లింది. ఇంకా ఎన్ని మిగిలిపోయాయో.

"పుస్తకంలో ఎలా ఉంచమంటారు?"

"పువ్వు పారెయ్. వాడి మాట వాడికి దక్కనీ, మనిషి అక్కర్లేదు. చెయ్యి ఉండనీ."

కోడలు గీతను మళ్లీ లోపలికి నెట్టింది. కిటికీ, చెవి, నవ్వు, మెడ వరుసగా మసకలోకి పోయాయి. నెడుతున్నంతసేపూ ఆవిడ వేళ్లకు నొప్పిగానే ఉంది, కానీ ఈసారి చివర ఏముందో తెలుసు. సేవ్ చేసింది, నమ్మకం చాలక మరోసారి చేసింది. ప్రెస్సుకు ఫోన్ చేసి, పువ్వు తీసేశానని, కొత్త ఫైలు పంపుతున్నానని చెప్పింది.

"ఆ బటన్ మాత్రం నొక్కకండి. బరువైనా సరే."

ఆయన సరేనన్నాడు. ఆవిడకు కళ్లు మూతలు పడుతున్నాయి, మెడ పట్టేసింది, రేపు పొద్దున్నే ఆఫీసు. కంప్యూటరు కట్టేద్దామని చెయ్యి చాపింది.

"ఉండవే," అన్నారు అత్తగారు కుర్చీలోంచి లేవకుండా. "ఇంకొక్కసారి లాగు."