బోండా పక్కన ఫోటో

శిక్షలు వేయడం మన ఊళ్లో ప్రతివాళ్లకూ వచ్చని నాకు మొన్న జూలైలోనే తెలిసింది. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, ఒక ప్రశ్నకు ఇంతమంది ఇంత తడుముకోకుండా జవాబు చెప్పడం ఏ క్లాసులోనూ చూడలేదు. ప్రశ్న ఒకటే. కుక్క మీద మరిగే నీళ్లు పోసినవాడిని ఏం చేయాలి?

తార్నాకలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తు స్వరూపగారు వాడి మీదా అవే నీళ్లు పోయాలన్నారు. ఆవిడ లిఫ్టులో చీమ కనబడినా పక్కకు జరిగి నిలబడే మనిషి. కూరగాయల బండి దగ్గర ఒకాయన వాడికి గుండు కొట్టించి సిగ్నల్ దగ్గర నిలబెట్టాలన్నాడు. ఇంటికొస్తే మా ఆవిడ లలిత కాఫీ ఇస్తూ, ఇలాంటివాడికి జన్మలో ఉద్యోగం రాకూడదంది. అదే లలిత మా వీధి కుక్కలను తీసుకుపొమ్మని మున్సిపాలిటీకి రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ సంగతి గుర్తుచేస్తే కాఫీ కూడా దక్కదని ఊరుకున్నాను.

ఇవన్నీ నాకే ఎందుకు చెబుతున్నారంటే, ఆ కుక్క మా హాస్టల్ కుక్క, ఆ నీళ్లు పోసినవాడు మా హాస్టల్ పిల్లవాడు, ఆ హాస్టల్‌కు వార్డెన్‌ని నేను. కుక్క పేరు బోండా. గుండ్రంగా ఉంటుందని పిల్లలే పెట్టారు. పిల్లవాడి పేరు నరహరి. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్. థీసిస్ ఇవ్వాల్సిన గడువు మెడ మీదికొచ్చి, నిద్రలేక చిరచిరలాడుతూ తిరుగుతున్నాడు. గుమ్మంలో పడుకున్న బోండా ఎంత అదిలించినా లేవలేదని, టీ కోసం కెటిల్‌లో మరిగించిన నీళ్లు దాని వీపు మీద కుమ్మరించాడు. ఎదురు గదిలో ఎవరిదో పుట్టినరోజు. వాళ్లు తీసుకుంటున్న వీడియోలో ఇదంతా పడింది. ఆ అరుపు దగ్గరే నేను వీడియో ఆపేశాను. ఆ పూట దొరికి ఉంటే వాడి చెంప పగలగొట్టేవాణ్ణి.

వీడియో ఊరంతా తిరిగింది. క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాకా కొవ్వొత్తుల ఊరేగింపు తీశారు. బస్సులు ఆగిపోయి, ఇళ్లకు పోవాల్సినవాళ్లు తిట్టిపోశారు. పోలీసు కేసు తన దారిన తను నడుస్తోంది గానీ, యూనివర్సిటీ ఏం చేస్తుందో తక్షణం చెప్పాలని అందరూ పట్టుబట్టారు. కమిటీ కూర్చుంది. డీన్ విష్ణువర్ధన్ గారు, నేను, ఇంకొందరు పెద్దలు, జంతుప్రేమికుల క్లబ్బు ప్రెసిడెంట్ శ్రావ్య. కాలిన కుక్కను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తింది ఆ అమ్మాయే. ఆమె కోపంలో న్యాయం ఉంది.

అందరూ వాడిని గెంటేయమన్నారు. అప్పుడు నేనొక తెలివైన మాట అన్నాను. గెంటేస్తే ఏం నేర్చుకుంటాడు, ఏ కుక్కనైతే కాల్చాడో దానికే ఈ ఏడాదంతా అన్నం పెట్టి, మందు పూసి చూసుకోనివ్వండి అన్నాను. గదిలో అందరి ముఖాలూ విప్పారాయి. శ్రావ్య కూడా ఒప్పుకుంది, ఒక షరతు మీద. రోజూ అన్నం పెడుతున్నట్టు కుక్క పక్కన కూర్చుని ఫోటో దిగి, క్లబ్బు పేజీలో పెట్టాలి. మానేశాడా, ఏడాది సస్పెన్షన్. డీన్ గారు సంతకం పెట్టారు. పేపర్లో ఆదర్శ శిక్ష అని రాశారు. లలిత ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. నేను వచ్చేపోయే దారిలో ఓరగా చూసుకునేవాణ్ణి.

బోండా ఆస్పత్రి నుంచి వీపంతా ఊదారంగు మందుతో తిరిగొచ్చింది. నరహరి పెరుగన్నం కలుపుకుని దాని దగ్గరికి వెళ్లాడు. అది వాడిని చూసి నీళ్ల ట్యాంకు వెనక ఇరుకులోకి దూరిపోయింది. వాడు గిన్నె అక్కడ పెట్టి పక్కకు పోయాక వచ్చి తిన్నది. నాకది సబబుగానే కనబడింది. కానీ ఫోటోలో గిన్నె ఒక్కటే ఉంది. గిన్నె ఫోటో ఎవరైనా పెడతారు, కుక్క ఏది, మనిషి ఏడి అని పేజీలో గోల మొదలైంది. క్లబ్బు వాళ్లు ఆ రోజు లెక్కలోకి రాదన్నారు.

దాంతో మర్నాటి నుంచి మా వాచ్‌మన్ బిక్షపతి దాన్ని ట్యాంకు వెనక నుంచి పట్టుకొచ్చి గేటు కడ్డీకి తాడేసి కట్టడం మొదలుపెట్టాడు. పుట్టిన దగ్గర్నుంచి ఎవరూ తాడు కట్టని కుక్క అది. దాని మీద దయ చూపించడానికి కట్టేయాల్సి వచ్చింది. నరహరి గిన్నెతో పక్కన కూర్చుంటాడు, బిక్షపతి ఫోటో తీస్తాడు, తాడు కనబడకుండా కాస్త పక్కకు జరిగి తీస్తాడు. కింద జనం గుండె బొమ్మలు పెడతారు. చూడండి, ఎంత మంచిదో, అప్పుడే క్షమించేసింది అని రాస్తారు. ఆ ఫోటోల్లో దాని చెవులు వెనక్కి అతుక్కుపోయి, తోక కాళ్ల సందున ఉంది. కుక్కల మీద అంత ప్రేమ ఉన్నవాళ్లలో ఒక్కరైనా ఆ తోక వైపు చూడలేదు.

తాడు విప్పాక కూడా అది గిన్నె ముట్టడం మానేసింది. మెస్‌లో వంట చేసే పోచమ్మ వేసే చపాతీ ముక్కలకూ రావడం లేదు. పేరుకు తగ్గట్టు గుండ్రంగా ఉండేది, పక్కటెముకలు బయటపడ్డాయి. ఇలాగే సాగితే ఏడాది కాదు, నెల కూడా బతకదని మందు వేయడానికొచ్చిన డాక్టర్ చెప్పి వెళ్లాడు.

నేను శ్రావ్య దగ్గరికి వెళ్లాను. ఈ ఫోటోలు ఆపుదాం, వాడి చేత ఆస్పత్రిలో కుక్కల బోనులు కడిగిద్దాం అన్నాను.

"సర్, అప్పుడతను హ్యాపీగా తప్పించుకున్నట్టే కదా. మరి బోండాకి జస్టిస్ ఏది?" అంది.

ఆ జస్టిస్ వల్లే అది చచ్చిపోయేలా ఉందని చెప్పాను. బాండింగ్‌కి టైమ్ పడుతుందని, దాని మీద తను చాలా చదివానని చెప్పింది. ఒకసారి వచ్చి చూడమన్నాను. రోజూ ఫోటోలు చూస్తూనే ఉన్నానంది. అక్కణ్ణుంచి తిన్నగా డీన్ గారి దగ్గరికి వెళ్లాను.

డీన్ గారిది మా కర్నూలే. ఆయన గదిలో గంటసేపు కూర్చోబెట్టి, ఫోన్లన్నీ మాట్లాడుకుని, నా మాట విన్నారు.

"ఏమప్పా నాగేంద్రా, ఇప్పుడే కదా అందరూ చల్లబడినారు. మళ్లా ఎందుకు కెలుకుతావు?" అన్నారు.

తీర్మానంలో ఉన్నవి రెండే దారులట. ఫోటో దిగడం, లేదా సస్పెన్షన్. మూడోది పెట్టాలంటే కమిటీ మెత్తబడిందని మళ్లీ కొవ్వొత్తులు పట్టుకుని వస్తారట. ఆ ఉపాయం నాదేనని ఆయన గుర్తుచేశారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక బయటికొచ్చి స్కూటర్ స్టాండును తన్నాను, కాలు నొప్పి పుట్టింది.

మర్నాడు నరహరి నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపటి సంది నేను ఫోటో దిగను సార్."

నేను వాడి మీద విరుచుకుపడ్డాను. ఏడాది బయటికి పోతే థీసిస్ గడువు దాటిపోతుందని, ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసినట్టేనని, ఊళ్లో అమ్మానాన్నలకు ఏం చెబుతావని కేకలేశాను. వాడు నేల చూపులు చూస్తూ అంతా విన్నాడు.

"అన్నీ ఎరుకే సార్. నీళ్లు పోసింది ఒక్కసారే. గిప్పుడు దినాం తాడేసి గుంజుకొస్తున్నం. నన్ను జూస్తే ఉచ్చ పోసుకుంటున్నది సార్ అది. దానికి నేను కనవడకుంటే చాలు."

ఈ మాట కమిటీలో నువ్వే చెప్పు అన్నాను.

"నేను చెప్తే ఎవరు నమ్ముతరు? తప్పిచ్చుకుంటున్నడు అంటరు" అన్నాడు.

వాడు చేసిన పాపాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. కానీ ఈ గొడవ మొదలైన దగ్గర్నుంచి కుక్కకు ఏం కావాలో ఆలోచించినవాడు వీడొక్కడే అయినందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కమిటీ మళ్లీ కూర్చుంది. వాడెందుకు మానేశాడో నేను లేచి నిలబడి పూసగుచ్చినట్టు చెప్పాను. అందరూ ఓపిగ్గా విన్నారు. డీన్ గారు "షరతు పాటించనందున" అని మొదలుపెట్టి రాయించారు. వాడిలో పశ్చాత్తాపం లేదని మొదటి రోజే అనుకున్నానని ఒక పెద్దాయన అన్నాడు. సస్పెన్షన్ పడితేనే బోండాకు ఆ తాడు తప్పుతుందని, అందరి కంటే ముందు చెయ్యెత్తింది నేనే. మీటింగ్ అయ్యాక శ్రావ్య వచ్చి, మీరు ఇంత స్ట్రిక్ట్‌గా ఉంటారనుకోలేదు, థాంక్యూ సర్ అంది. ఇంటికెళ్లి ఫ్రిజ్ మీది పేపరు ముక్క పీకేస్తే, కొత్తది వచ్చిందా అని లలిత అడిగింది.

తాడు తీసేశాక బోండా మూడు నాలుగు రోజులు ట్యాంకు వెనకే ఉండి, తర్వాత పోచమ్మ వేసిన చపాతీ కోసం బయటికొచ్చింది. ఆదివారం పొద్దున ముందు గేటు దగ్గర ఎండలో కాళ్లు బారజాపి పడుకుంది. నరహరి గది ఖాళీ చేసింది ఆ పొద్దునే. పెట్టె భుజాన పెట్టుకుని మెట్లు దిగి, గేటు వైపు చూసి ఆగాడు. వెనక్కి తిరిగి, పిచ్చిమొక్కల్లోంచి గోడ వారగా నడిచి, మాణికేశ్వర్ నగర్ వైపు చిన్న గేటులోంచి వెళ్లిపోయాడు. బస్సు కోసం మళ్లీ అంత దూరం చుట్టు తిరిగి రావాలి.

సాయంత్రానికి ఆ ఫోటో కూడా పేజీలోకి వచ్చింది. మేడ మీంచి ఎవరో తీశారు. ముఖం చెల్లక దొంగలా వెనక గేటు నుంచి పారిపోయాడని రాశారు. ఒక్క కుక్కకు అన్నం పెట్టలేనివాడికి ఏడాదేం సరిపోతుందని కింద తిట్లు. ఎప్పుడూ ఏమీ రాయని నేను, ముందు గేటు దగ్గర బోండా పడుకుని ఉంది, అందుకే అటు వెళ్లాడు అని రాశాను.

ఎవరో వెంటనే, అయితే ఏంటి అని అడిగారు.