దేవుని పిడికెడు

మార్తమ్మకు పిలుపు ఎలా వచ్చిందని అడిగితే ఇప్పుడు మా వైపు గుడుల్లో ఒక చక్కని కథ చెబుతారు. ప్రార్థనలో ఉండగా ఆమెకు వెలుగు కనబడిందట, గూడూరు అడవిలోంచి కోయవాళ్లు చేతులు చాచి రమ్మన్నారట. ఒట్టి మాటలు! ఏ వెలుగూ లేదు, ఏ చేతులూ లేవు. ఆమెకు కనబడింది ఏమిటో నేను చెబుతాను, వినే ఓపిక ఉంటే.

దంతాలపల్లికి రెండు కోసుల దూరంలో, ఊరికి ఎడంగా, ముప్పై గడపల క్రైస్తవుల వాడ ఉండేది. మట్టి గోడల ప్రార్థన గుడి, పైన తాటాకు కప్పు. నిజాం రాజ్యం కూలి ఏడాది దాటింది. రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. జనం వీపు మీద దెబ్బలు మాత్రం ఎక్కడికీ పోలేదు. భూమి కోసం తుపాకి పట్టిన దళాలు అడవిలో దాగితే, వాళ్లకు తిండి దొరకకుండా చేయాలని మిలిటరీ కోయగూడేలను తగలబెట్టింది. ఆ జనాన్ని గొడ్లను తోలినట్టు తోలుకొచ్చి గూడూరు అవతల ముళ్లకంచెలో పెట్టింది. కంచెలో గత్తర, అదే కలరా, పుట్టిందనీ, రోజుకు ముగ్గురు నలుగురు పోతున్నారనీ వార్త వచ్చింది.

ఆ కంచెలోకి సువార్త పట్టుకుని మన వాడ నుంచి ఒకరు పోవాలని గుడి పంతులు రాజలింగం పట్టుబట్టాడు. పోయినవాడికి తిండి ఎవరు పెడతారంటారా? దానికి ఆ వాడలో ఒక ఆచారం ఉంది. ఏ ఇంట్లో గటక వండినా, జొన్న నూకలు ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి గురిగిలో వేస్తారు. అదే దేవుని పిడికెడు. ఆదివారం ఆ గురుగులన్నీ తెచ్చి మార్తమ్మ ఇంట్లో పెద్ద కాగులో పోస్తారు. అది సువార్తకు పోయినవాడి తిండి. ఇంకొకరు ముట్టరాదు. దేవునికిచ్చిన దాంట్లో దాచుకున్న బైబిలులోని మొగుడూపెళ్లాలు నిలుచున్నచోటే పడి చచ్చిన సంగతి పంతులు ఏడాదికి రెండుసార్లయినా గుర్తు చేసేవాడు.

మార్తమ్మకు నలభై ఏళ్లుంటాయి. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఎంత ఆకలైనా ఆమె చెయ్యి కాగులోకి పోదని వాడంతా నమ్మకం, అందుకే కాగు ఆమె ఇంట్లో ఉంది. ఆ నమ్మకం తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. దాన్ని ఆమె ప్రాణంలా చూసుకునేది.

పోయేవాడికి ఇంకో ఆచారం ఉంది. గుడిలో అందరి ముందూ నిలబడి, దేవుడు తనను ఎలా పిలిచాడో సాక్ష్యం చెప్పాలి. అది నమ్మేట్టుగా ఉంటేనే పంతులు తలమీద చెయ్యి పెట్టి పంపుతాడు. ఆ ఏడు పోతానన్నవాడు దేవదాసు, పాతికేళ్లవాడు, గొంతు విప్పితే గుడి మోగేది. తనకు కలలో ఒక కోయ మనిషి వాగు అవతల నిలబడి సాయం రమ్మని పిలిచాడని చెప్పాడు. అచ్చం అలాంటి కలే పూర్వం ఒక అపొస్తలుడికి వచ్చిందని పంతులు చెప్పగా అందరూ విన్నదే, ఊరు మారిందంతే. అయినా ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మార్తమ్మ అందరికంటే ఎక్కువ ఏడ్చింది. నెల తిండి మూటగట్టి ఇచ్చి, "పో కొడుకా, నెలకొక్కపారి వచ్చి తీస్కపో. నీ గింజలు ఎక్కడికీ పోవు," అని సాగనంపింది.

ఆ తర్వాత మూడో వారం కూలి బందయింది. చేలల్లో దళం వాళ్లు దాగుతున్నారని మిలిటరీ జనాన్ని పొలాల్లోకి పోనివ్వలేదు. వాడలో పొయ్యిలు ఆరిపోయాయి. మార్తమ్మ ఇంట్లో రెండు రోజులుగా పిల్లి పొయ్యిలోంచి లేవలేదు. నిండుకున్న కాగు పక్కన చాప పరుచుకుని నీళ్లు తాగి పడుకుంది. నిండుకున్న అంటే మళ్లీ ఖాళీ అనుకునేరు, కాగు అంచుదాకా నూకలే.

మిట్టమధ్యాహ్నం వేళ, లేవలేని మార్తమ్మ తప్ప వాడంతా చావడికాడ మిలిటరీ హాజరు పట్టీలో వేలిముద్రలు వేయడానికి పోయి ఉండగా, వెనక తడిక తోసుకుని ఒక మనిషి లోపలికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది, కాళ్లు వాచి ఉన్నాయి. మార్తమ్మ గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. ఎల్లస్వామి, ఆమె ఒక్కగానొక్క తమ్ముడు. బాప్తిస్మంలో ఏసుదాసని పేరు పెట్టారు గానీ ఎవరూ అలా పిలవలేదు. తల్లి పురిట్లోనే పోతే ఆరేళ్ల మార్తమ్మే చంకనేసుకుని పెంచింది. మూడేళ్ల కింద దొర గడీలో వెట్టికి పోనని ఎదురు తిరిగి, దళంలో కలిశాడు.

"అక్కా, మూడొద్దులాయెనే మెతుకు తగలక. జర గటక పొయ్యి, పోత," అన్నాడు.

"ఇంట్ల ఏం లేదురా తమ్మీ. నేను గూడ ఉపాసమే ఉన్న."

ఎల్లస్వామి కాగు వైపు చూశాడు. "మరి గండ్ల ఏంది?"

"గవి దేవునియి."

"దేవునికి ఆకలైతదానే?"

"దేవునికి గాదు, దేవదాసుకు. అడివిల కోయోళ్లకాడికి సువార్తకు పోయిండు. గాయిన తిండి అది. ముట్టద్దు తమ్మీ, పాపం తగుల్తది."

"నేను గూడ అడివిలనే ఉంటున్న గదనే," అని ఎల్లస్వామి నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, అదే ఆమెను తర్వాత చంపింది. "ఒక్క పిడికెడు. దేవుడు లెక్క చూస్తడా?"

ఆమె లేచి కాగుకు అడ్డంగా నిలబడింది. అవును, నిలబడింది! ఎత్తుకుని పెంచిన తమ్ముడికి అడ్డంగా. ఆ కాగు ముందు తను ఎన్ని ఆకళ్లు ఓర్చిందో, తమ్ముడు కూడా అలాగే ఓర్చుకోవాలనుకుంది. ముంతలో నీళ్లు పోసి, ఉప్పురాయి వేసి కలిపి ఇచ్చింది. ఎల్లస్వామి గటగటా తాగి, మూతి తుడుచుకుని, "పైలంగుండు అక్కా," అని వచ్చిన దారినే పోయాడు. మార్తమ్మ మోకాళ్ల మీద పడి, శోధనలో తనను నిలబెట్టినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది.

పొద్దు వాలకముందే చేల వైపు నుంచి తుపాకి రెండుసార్లు పేలింది.

మర్నాడు పొద్దున్నే ఊరందరినీ చావడికాడికి పిలిచారు. ఎడ్లబండిలో ఎల్లస్వామిని వెల్లకిలా పడుకోబెట్టారు. దొర జొన్నచేలో దొరికాడట. చేను అప్పటికి పాలకంకి మీద ఉంది. అతని నోరు తెరిచే ఉంది, నోటినిండా పచ్చి జొన్నలు. సగం నమిలినవి, సగం నమలనివి. పెదాల పక్క పాలు కారి ఎండి ఉన్నాయి. పటేలు సోమనర్సయ్య ఒక్కొక్కరినీ బండి దగ్గరికి పిలిచి, మిలిటరీ జమేదారు ముందర అడిగాడు. తెలుసన్నవాడి ఇల్లు తగలబడుతుందని అందరికీ తెలుసు. మార్తమ్మ వంతు వచ్చింది.

"ఎరుకేనా గీడు?"

"ఎరుకలేదు."

"మంచిగ చూడు."

ఆమె మంచిగా చూసింది. "ఎరుకలేదు పటేలా," అంది రెండోసారి. వెట్టివాళ్లు బండిని చెరువు కిందికి తోలుకుపోయి, ఎక్కడో తవ్వి పూడ్చారు. ఎక్కడో ఆమె అడగలేదు. ఎరుకలేని మనిషి సమాధి ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది?

వారం తిరగకముందే దేవదాసు తిరిగొచ్చాడు. తిండి మూట చంకలో అలాగే ఉంది. గూడూరులో మేనత్త ఇంట్లో దిగాడట. కంచె దాకా పోయాడు, లోపలి నుంచి శవాలను కర్రకు కట్టి మోసుకొస్తుంటే చూశాడు, అంతే, అక్కడినుంచే వెనక్కి తిరిగాడట.

"తిన్నవా మరి నెలదినాలు?" అని మార్తమ్మ అడిగింది.

"మా మేనత్త పెట్టింది పెద్దమ్మా. గివి ముట్టనే లేదు."

ఆమె ఇంటికి పోయి కాగు మూత తీసింది. నూకలు కదులుతున్నాయి. పైనుంచి కిందిదాకా పురుగు పట్టింది. తమ్ముడికి పెట్టని గింజలు పురుగులు తిన్నాయి. దేవదాసు గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. వాడైనా భయపడి పారిపోయాడు, నేనేం చేశాను అనుకునేసరికి ఆ కోపం ఆమె మీదికే తిరిగింది. నెత్తి బాదుకుంది. నోరు నొక్కుకుని ఏడ్చింది, పక్కింటికి వినబడితే ఎవరికోసం అని అడుగుతారు కదా. ఏడ్చి ఏడ్చి లేచి, చేట తీసుకుని ఆ నూకలన్నీ చెరిగింది. పంతులు దగ్గరికి పోయి, తాను కంచెలోకి పోతానంది.

రాజలింగం పంతులు మంచివాడే, కాకపోతే జాగ్రత్త మనిషి. "పోదువు గాని, సాక్ష్యం చెప్పాలె. కల చెప్పు. ఇంకో ముచ్చట ఎత్తొద్దు," అన్నాడు. మిలిటరీ వచ్చాక నలుగురు కూడిన చోటల్లా పటేలు ఉండాలని హుకుం. ప్రార్థన జరిగినంతసేపూ సోమనర్సయ్య గుడి వాకిట్లో పీట వేసుకుని కూర్చునేవాడు. పక్కింటి ఓదెమ్మ ఇంకో అడుగు ముందుకేసి కలను కూడా తయారుచేసి పెట్టింది. "తెల్లబట్టల మనిషి వచ్చి నీ చెయ్యి పట్టిండను. గంతే, ఇంకేం అడగరు," అని పాఠం చెప్పినట్టు చెప్పింది. మార్తమ్మ తలూపింది.

ఆదివారం గుడి నిండింది. మార్తమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఓదెమ్మ పెదాలు కదుపుతూ మొదటి మాట అందిస్తోంది. వాకిట్లో పటేలు చుట్ట ఆర్పి లోపలికి చూశాడు. కల చెబితే తలమీద చెయ్యి పెట్టి పంపుతారు, ఇల్లు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది. నిజం చెబితే ఏమీ నిలవదు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"నాకు ఏ కల రాలే," అంది. "మొన్న బండ్ల పండవెట్టిన పిలగాడు నా తమ్ముడు ఎల్లస్వామి. మీ అందరికీ ఎరుకే. నా ఇంటికొచ్చిండు, ఆకలన్నడు. కాగు నిండ గింజలున్నయి. దేవునియని పెట్టలె. పొయ్యి దొర చేన్ల పచ్చి జొన్నలు బుక్కిండు, సచ్చిండు. వాడు ఎవడో ఎరుకలేదని రెండుపార్లు చెప్పిన. దేవుడు నన్ను పిలువలె. పిలిచింది నా తమ్ముడు. అప్పుడు పోలె, ఇప్పుడు పోత."

గుడిలో ఎవరూ ఆమెన్ అనలేదు. పంతులు చెయ్యి ఎత్తలేదు. సోమనర్సయ్య పీట మీంచి లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. విననట్టు ఉందామన్నా ఆయనకు వీల్లేదు, గుడినిండా మనుషులు విన్నారు.

మూడో రోజు లారీ వచ్చింది. మార్తమ్మను చావడి గుంజకు కట్టి జమేదారు అడిగిన ప్రశ్న ఒక్కటే. ఎన్నిసార్లు తిండి పెట్టావు? ఒక్కసారి కూడా పెట్టలేదని ఆమె చెప్పింది. కొట్టిన కొద్దీ అదే చెప్పింది. అక్క అయ్యుండి తమ్ముడికి అన్నం పెట్టలేదంటే లోకంలో ఎవడు నమ్ముతాడు? జమేదారు నమ్మలేదు. పెట్టినందుకని పండ్లు రాలేలా కొట్టించాడు. దళానికి తిండి పెట్టేవాళ్లను ఉంచే చోటికే తోలమన్నాడు. ఆ చోటు గూడూరు అవతలి ముళ్లకంచె.

లారీ కదిలే ముందు ఓదెమ్మ పరుగెత్తుకొచ్చి నూకల మూట ఆమె ఒళ్లో పడేసింది. సిపాయి తుపాకి కత్తితో మూటను పొడిచి చూశాడు. పట్టుకుని పోవడానికి అందులో ఏముంది? చెరిగినా మిగిలిన పురుగులు రెండు కత్తి మీద పాకాయి. వాడు మొహం చిట్లించుకుని వదిలేశాడు. ఆ వాడ నుంచి సువార్తకు పోయిన మొదటి ఆడమనిషి అలా పోయింది, మిలిటరీ లారీలో, తలమీద ఎవరి చెయ్యీ లేకుండా.

కంచెలో ఆకుల గుడిసెలు, ఈగలు, మురుగు వాసన. ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. ఇద్దరు కొడుకులను గత్తరకు ఇచ్చిన రామి అనే ముసలి కోయావిడ ఆమెకు మూడు రాళ్లు, ఒక కుండ చూపించింది. వాచిన చేతులతో మార్తమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. అలవాటు కొద్దీ నూకల్లోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టబోయింది. చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ పిడికెడు కూడా ఎసట్లోనే పోసింది.

గటక ఉడికే వాసనకు గుడిసెల్లోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చి దూరంగా నిలబడ్డారు. ముందు నిలుచున్నవాడు పాతికేళ్లవాడు, కళ్లు లోపలికి పోయాయి. ఆమె మెడలో నల్లదారానికున్న సిలువను చూశాడు.

"గివి దేవుని బువ్వనా అవ్వా? మేము తినొచ్చునా?" అని అడిగాడు.

మార్తమ్మ ఆకు దొప్పలో గటక పోసి అతని చేతిలో పెట్టింది.

"దేవునియి గావు బిడ్డా. నా తమ్మునియి," అంది. "తిను."