శనివారం తెలుగు గంట

మైకు ముందు కూర్చునే లోపు చేయాల్సిన పనులు: గాజులు తీసి సొరుగులో పెట్టాలి. ఫ్యాను ఆపాలి. గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు తాగాలి, మూడోది తాగకూడదు. పాటల వరుస రాసిన కాగితం రెపరెపలాడకుండా అట్టకు అంటించాలి. సర్జాపుర నుంచి అలివేలమ్మ ఫోన్ చేస్తే ఏ పాట కావాలని కాదు, ముందు మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగాలి.

ఇవన్నీ కిరణ్మయికి నేర్పింది శామ్యూల్. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక మేడ మీద, రెండు గదుల్లో నడిచే చిన్న కమ్యూనిటీ రేడియో అది. శనివారం సాయంత్రం ఒక గంట తెలుగు. ఆ గంట పద్మనాభం గారిది. ఆయనకు జలుబు చేసినా, ఇంట్లో పెళ్లి ఉన్నా ఆయన బదులు శామ్యూల్ వచ్చి కూర్చునేవాడు. అలా తొమ్మిదేళ్లు. పగలంతా ప్రింటింగ్ ప్రెస్‌లో ఉద్యోగం. ఆ సిరా మరకలు వేళ్ల మీద అలాగే ఉండేవి. కిరణ్మయి బళేపేట గాజుల అంగడి వాళ్లమ్మాయి, ఆ ఇంట్లో మొదటి డిగ్రీ. రెండేళ్లుగా జీతం లేకుండా అక్కడ ఫోన్లు ఎత్తుతూ, ఎప్పటికైనా ఆ కుర్చీలో కూర్చోవాలని ఆశపడేది.

పద్మనాభం గారు మానుకున్నప్పుడు రేడియో కమిటీ వాళ్లు ఆ కుర్చీకి ఇద్దరిచేతా మైకులో చదివించి చూశారు. శామ్యూల్ చదువుతుంటే, అద్దం ఇవతల నిలబడ్డ కిరణ్మయి తాను కూడా పోటీలో ఉన్న సంగతి మరిచిపోయి వింది. వారం తరువాత గంట ఆమెకే ఇచ్చారు.

ఆ సంతోషంలో మిఠాయి పట్టుకుని ఇంటికి పోతే, మేనమామ వెంకటగిరియప్ప ఒక ముక్క నోట్లో వేసుకుని నవ్వాడు.

"నేనొక మాట చెప్పినా లేమ్మా. కమిటీ పెద్దాయన మనోడే. నా జతలో చదివినోడు."

"నా గొంతు విని ఇచ్చినారనుకుంటి మామా."

"నీ గొంతు బాగుండాది, ఎవరు కాదన్నారు? బాగుండే గొంతులు ఊరినిండా ఉండాయి."

ఆయన తప్పు చేశాననుకోలేదు. సంబంధానికైనా, కాలేజీలో సీటుకైనా, ఎవరో ఒకరు పోయి మాట చెప్పి రావడం ఆ ఇంట్లో ప్రేమగల పని. అందుకే ఆమెకు కోప్పడడానికి కూడా చోటు దొరకలేదు.

శనివారం శామ్యూల్‌కు అంతా చెప్పేసి, తాను తప్పుకుంటానంది. ఆయన పాటల కాగితం అట్టకు అంటిస్తూనే విన్నాడు. ఆ సంగతి తనకు ముందే తెలుసన్నాడు.

"నువ్వు లేస్తే ఆ కుర్చీ నాకిస్తారా అమ్మాయ్? ఇంకెవరి మేనకోడలో వస్తుంది. ఆవిడకి ఫ్యాను ఆపడం దగ్గర్నుంచీ నేర్పే ఓపిక నాకు లేదు. కూర్చో."

ఆమె కూర్చుంది. కూర్చోవాలనే ఉంది కూడా, దాచడం దేనికి? ఆ గంటంతా ఆయన అద్దం అవతల నిలబడి, ఆమె తొందరపడ్డప్పుడల్లా అరచేయి మెల్లగా కిందికి దించుతూ ఉన్నాడు. చివర్లో ఆమె మైకులో ఆయన పేరు చెప్పబోతే వద్దని తల ఊపాడు. జాలితో చెప్పే పేరు తనకక్కర్లేదని, ఎప్పుడూ చెప్పనని మాట తీసుకున్నాడు. ఆ ఏడే ప్రెస్ హోసూరుకు మారింది. ఆయనా వెళ్లిపోయాడు.

ఇప్పటికి ఆరేళ్లు. రేడియోలోకి ఎలా వచ్చారక్కా అని కొత్త పిల్లలు అడిగితే, కిరణ్మయి మామ చెప్పిన మాట సంగతి కూడా దాచకుండా చెబుతుంది. మైకులో మాత్రం ఆ పేరు ఈనాటికీ పలకలేదు. కాగితం మీద రాయకూడదని ఆయన అనలేదు కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు. బెంగళూరులో ఏ శనివారమైనా ఆ తెలుగు గంట మీ చెవిన పడి, ఈ అమ్మాయి ఎంత నిదానంగా మాట్లాడుతోందని మీకనిపిస్తే, శామ్యూల్ అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.