ఎడమ చెవిలో బాస్ లేదు

జూన్ రెండో శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకు తమిళనాడులోని కోవిల్‌పట్టిలో కుప్పుసామి ఎడమ చెవికి బాస్ వినపడలేదు.

అతనికి నలభై మూడేళ్లు. ఎట్టయపురం రోడ్డులో రేడియో సెట్ నడుపుతాడు. పెళ్లిళ్లకూ గుడి తిరునాళ్లకూ స్పీకర్లు, మైకులు అద్దెకిచ్చే దుకాణాన్ని ఆ ఊళ్లో అలా అంటారు. ఆ ఉదయం కొరియర్‌లో హెడ్‌ఫోన్ వచ్చింది. పాతది చెవి మీద ఆనే రకం. దాని నురగ మెత్తలు పొడిగా రాలిపోయాయి. కొత్తది చెవి చుట్టూ కూర్చుని మూసే రకం.

కుప్పుసామి దాన్ని మిక్సర్‌కి తగిలించి, గత ఏడాది తిరునాళ్లలో తాను రికార్డు చేసిన ఉరుమి పెట్టాడు. ఉరుమి అంటే తోలు మీద కర్రతో రాస్తే మూలిగే వాద్యం. కుడి చెవిలో ఆ మూలుగు వచ్చింది. ఎడమ చెవిలో తాళాలు వచ్చాయి, నాదస్వరం వచ్చింది, మూలుగు రాలేదు.

సరుకులో లోపం ఉందనుకున్నాడు. హెడ్‌ఫోన్ తిప్పి, ఎడమ డిప్ప కుడి చెవికి, కుడి డిప్ప ఎడమ చెవికి పెట్టాడు. మూలుగు మళ్లీ కుడి చెవిలోనే వచ్చింది. వైరు మార్చాడు. ఇంకో పాట పెట్టాడు. ప్రతిసారీ అదే జరిగింది. హెడ్‌ఫోన్ బాగానే ఉంది. పోయింది చెవి అని తేల్చుకున్నాడు.

ఆ చెవికి ఒక పోగు ఉంది. రాగిది, కిందివైపు గుండు ఉన్నది. ఊహ తెలిసినప్పటి నుంచి ఉంది కాబట్టి అతను దాని గురించి ఆలోచించలేదు.

దుకాణం వెనకే ఇల్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. భార్య మారీశ్వరి మూడుసార్లు పిలిచి, తలుపు దగ్గరికి వచ్చింది.

"ఏం మామా, బువ్వ ఆరిపోతా ఉండాది."

"ఎడం చెవి పోయినాది మారీ."

"నేను పిలిస్తే నీకు ఎప్పుడు ఇనపడినాది, ఈ పొద్దు కొత్తగా పోయేకి?"

అతను నవ్వలేదు. ఆమె దగ్గరికి వచ్చి, అతని కుడి చెవిని అరచేత్తో మూసి, ఎడమ చెవిలో గుసగుసగా ఏదో చెప్పింది. అతను ఆ మాటను తిరిగి చెప్పాడు.

"ఇనపడతా ఉండాది కదా!"

"మాట కాదు. కింద సవుండు. బాసు."

"మాట ఇనపడితే సాలు. నేనేమన్నా ఉరుమినా?"

మారీశ్వరి ఫోన్‌తో పాటు ఇచ్చిన ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాడు. దానికి రెండు చెవుల్లోనూ బాస్ లేదు. పెద్ద స్పీకర్ బాక్సు ముందు నిలబడి, కుడి చెవి మూసుకుని విన్నాడు. శబ్దం తగిలింది. విన్నది చెవో ఛాతీయో తేల్చుకోలేకపోయాడు.

ఇరవై ఏళ్లుగా అతను మిక్సర్ దగ్గర నిలబడేటప్పుడు బాక్సు ఎడమవైపే ఉంటుంది. సాత్తూరులో ఇరుళప్పన్ అనే రేడియో సెట్ మనిషి కూడా అలాగే నిలబడేవాడు. ఒక పెళ్లిలో మైకు కూత పెడుతుంటే ఇరుళప్పన్ మిక్సర్ దగ్గరే ఉండి, అది వినపడక చెయ్యి కదపలేదు. పిల్లలు చెవులు మూసుకుని అతని వైపు చూశారు. ఆ తర్వాత అతనికి పందిట్లో ట్యూబులైట్లు కట్టే పని ఇచ్చారు. ఆ రోజు మైకు ఆపినవాడు కుప్పుసామి.

శని, ఆదివారాలు అతను ఫోన్లో చెవి జబ్బుల గురించి చదివాడు. ఒకచోట కణితి అని ఉంది. అక్కడ ఆపేశాడు. ఆదివారం ఒక నిశ్చితార్థానికి సెట్ వేసి, బాస్ సరిపోయిందా అని తాంబూలం పంచుతున్నామెను అడిగాడు. గుండె అదురుతోంది, తగ్గించమని ఆమె చెప్పింది. ఎంత తగ్గించాలో అతనికి తెలియలేదు.

సోమవారం బస్సులో విరుదునగర్ వెళ్లాడు. చెవి క్లినిక్‌లో పరీక్ష చేసే అమ్మాయి పేరు సెల్వలక్ష్మి. అద్దాల గదిలో కూర్చోబెట్టి, పోగు తీయమని తమిళంలో చెప్పింది.

"అది రాదమ్మా," అన్నాడు. అతని చెయ్యి పోగు మీదికి వెళ్లింది.

ఆమె హెడ్‌ఫోన్ పెట్టింది. కూత వినపడితే బటన్ నొక్కాలి. కుడి చెవిలో అన్నీ వినపడ్డాయి. ఎడమ చెవిలో సన్న కూతలు వినపడ్డాయి. తర్వాత నిశ్శబ్దం. అద్దం అవతల సెల్వలక్ష్మి వేళ్లు మీట తిప్పుతున్నాయి. ఆమె మళ్లీ తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. అతనికి ఏమీ వినపడలేదు. చేతిలో బటన్ చెమటకు జారింది.

ఆమె తలుపు తీసింది.

"ఎడమవైపు కింది శబ్దాలు తక్కువగా వస్తున్నాయి. చెవి వల్ల కావచ్చు. పోగు వల్ల కూడా కావచ్చు."

"పోగు ఏం చేస్తుంది?"

"మెత్తను ఎత్తిపెడుతోంది." ఆమె అతని వేలు పట్టుకుని పోగు గుండు పక్కన పెట్టింది. మెత్తకూ చర్మానికీ మధ్య వేలు కొస దూరింది. "చెవి చుట్టూ గాలి ఆడకుండా మూసుకుంటేనే కింది శబ్దం లోపల నిలబడుతుంది. సందు ఉంటే బయటికి పోతుంది. పై శబ్దాలకి సందు ఉన్నా అంత తేడా రాదు."

కుప్పుసామి శుక్రవారం నాటి పని గుర్తు చేసుకున్నాడు. అప్పుడు హెడ్‌ఫోన్ తిప్పాడు. పోగు మాత్రం ఎడమ చెవికే ఉండిపోయింది.

ఆమె పోగును పైకి మడిచి ప్లాస్టర్ అంటించింది. గుండు అప్పుడు చెవి పక్కకు పొడుచుకొచ్చింది. మెత్తను అరచేత్తో అదిమి చూసింది. గుర్రుమని ఏదో వినపడింది. అది మిషన్ శబ్దమో అరచేతి శబ్దమో అతను చెప్పలేకపోయాడు. తర్వాత డాక్టరు రెండు కొమ్మల ఇనప కడ్డీని మోగించి నుదుటి మీద పెట్టి, ఏ వైపు వినపడుతోందని అడిగాడు. కుప్పుసామి ఒకసారి కుడి అన్నాడు, ఒకసారి ఎడమ అన్నాడు.

"భయపడుతున్నారు. ఈ జవాబు పట్టుకుని మందు రాయలేను," అన్నాడు డాక్టరు. "లోపలి జబ్బయితే మాత్రలు రేపే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు. కానీ ఆ మాత్రలు షుగర్ పెంచుతాయి, మీకు షుగర్ ఉంది. రేపు పోగు తీసి రండి."

కుప్పుసామి ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి ముత్తుప్పేచ్చి వాకిట్లో వేరుశనగ పప్పు ఏరుతోంది. ఆమెకు డెబ్బై దాటాయి. కుప్పుసామి కంటే ముందు ముగ్గురిని కన్నది. ముగ్గురూ నెల తిరగకుండా పోయారు. నాలుగోవాడు పుట్టగానే, చావు కన్ను పడకుండా చెత్తకుప్ప మీద దొర్లించి, పక్కింటామెకు తవుడుకి అమ్మి, తిరిగి కొనుక్కుంది. అందుకే కుప్పుసామి అని పేరు పెట్టింది. ఇళ్లలో అడిగి తెచ్చిన రాగిముక్కలతో పోగు చేయించి, ఎడమ చెవికి పెట్టించి, కొసలు అతికించింది. అది తీస్తే వాడు ఉండడని ఆమె నమ్మకం. బళ్లో ఒక టీచర్ తీయమన్నప్పుడు, ఆ మాట వెనక్కి తీసుకునేదాకా గేటు ముందు కూర్చుంది. ఇవన్నీ పాతకాలం మాటలని కుప్పుసామి స్నేహితులతో అనేవాడు. పోగును మాత్రం ఎప్పుడూ తీయలేదు.

"అమ్మా, పోగు తీయాల."

"ఎవురు చెప్పినారు?"

"డాక్టరు."

"నిన్ను ఆ డాక్టరు కన్నాడా?"

"చెవుడు ఒచ్చిందా లేదా అని చూసేకి. ఇది ఉంటే మిషను సరిగా కూర్చోదు."

"చెవుడు ఒచ్చినోడు బతికుంటాడు. సాత్తూరు ఇరుళప్పన్ బతికే ఉండాడు కదా?"

"ఉండాడు, ట్యూబులైట్లు కట్టుకుంటా."

"కట్టనీ. నాకు ముగ్గురు పోయినారురా. వాళ్ల చెవులు బాగానే ఉండె."

మారీశ్వరి గడపలో కూర్చుంది.

"అత్తా, నా కాన్పు ఆపరేషనుకి ముక్కుపుడక తీయమన్నారు. మా అమ్మ ఏం చేసినాది?"

"వేపపుల్ల పెట్టినాది."

"నువ్వు అమ్మవారికి మొక్కుకునేటప్పుడు ఏమన్నావు? పోగు ఉండాలన్నావా, బెజ్జం కాలీగా ఉండకూడదన్నావా?"

ముత్తుప్పేచ్చి చేటలో వేళ్లు ఆపింది. "వీడి చెవి బోడిగా ఉండకూడదు తల్లీ అన్నాను. అంతే గ్యాపకం."

"మరి పుల్ల పెడదాం."

"పోగు ఒచ్చినాక కదా పుల్ల పొయ్యేది. ఆ నడాన బెజ్జం కాలీయే కదే. తీసుకుపొయ్యేదానికి ఒక్క ఊపిరి సాలు."

చీకటి పడేవరకు అదే మాట నడిచింది. చివరికి ఉపాయం ముత్తుప్పేచ్చే చెప్పింది. పావడకి బొందు మార్చేటప్పుడు పాత బొందు కొసకి కొత్తది కట్టి లాగుతారు. పాతది బయటికి వస్తుంటే కొత్తది లోపలికి పోతుంది. మధ్యలో ఖాళీ ఉండదు.

"నేనే లాగతాను. ఇంకెవురూ ముట్టకూడదు," అంది.

మంగళవారం ఉదయం ముగ్గురూ నగలు చేసే ఆచారి దుకాణానికి వెళ్లారు. ఆచారి భూతద్దం పెట్టి పోగును చూశాడు. అతుకు కనపడలేదు. గుండు పక్కన చిన్న రంపంతో కరకరా కోయడం మొదలుపెట్టాడు. కుప్పుసామి తల వణికింది.

"తల ఆడించద్దు సామీ. నీ పేణం సంగతి నాకు తెలీదు, ముందు నా వేలు పోతాది."

పోగు తెగింది. ఆచారి కొసలు ఎడం చేశాడు. ముత్తుప్పేచ్చి గుండు లేని కొసకు పసుపు దారం కట్టి, గుండు ఉన్న కొస పట్టుకుని లాగింది. పోగు సగం వచ్చి ఆగింది. దారం ముడి బెజ్జంలో పట్టలేదు. ఆమె మళ్లీ లాగింది. కుప్పుసామి కేక పెట్టాడు. చెవి తమ్మె మీద రక్తపు చుక్క కనిపించింది. ఆమె చేతులు వదిలేసి, ముఖం కప్పుకుంది.

"నా వల్ల కాదు. ఎట్లుండాదో అట్లే అతికించు ఆచారీ."

"అమ్మా, లాగు," అన్నాడు కుప్పుసామి. "నాకూ బయంగానే ఉండాది. లాగు."

మారీశ్వరి ముడి విప్పింది. ఆచారి దారం కొసను సన్నగా పేని, లక్కతో పోగు కొసకు అంటించి, ఆరేదాకా ఊదాడు. కొబ్బరినూనె రాశాడు. ముత్తుప్పేచ్చి కళ్లు మూసుకుని లాగింది. పోగు బయటికి వచ్చింది. వెనకే దారం వచ్చింది.

"నాయనా," అంది కళ్లు తెరవకుండా.

"ఉండాను మా."

"నాయనా."

"ఉండాను."

పోగును ఆమె కొంగున ముడి వేసుకుంది. బస్సులో కొడుకు మణికట్టు పట్టుకుని కూర్చుంది. సాత్తూరు దగ్గర ఒక లారీ అడ్డం వచ్చి డ్రైవరు బ్రేకు వేశాడు. జనం ముందుకు తూలారు. ముత్తుప్పేచ్చి అరుస్తూ కొడుకు తలను తన ఒడిలోకి లాక్కుంది. లారీ వెళ్లిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. అక్కడి నుంచి విరుదునగర్ వరకు కుప్పుసామి తల పైకెత్తలేదు.

సెల్వలక్ష్మి చెవికున్న దారాన్ని చూసింది. ముత్తుప్పేచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, కంగారులో తమిళం మరిచిపోయి, తెలుగులో అడిగింది.

"దీంట్లో కరెంటు ఏమన్నా ఉండాదా తల్లీ?"

"లేదు అవ్వా, ఉత్త సవుండే," అంది సెల్వలక్ష్మి తెలుగులో. "మా ఇంట్లోనూ తెలుగే."

గది తలుపు మూసుకుంది. సెల్వలక్ష్మి మెత్తను చెవి మీద పెట్టి, చుట్టూ వేలితో తడిమి చూసింది. సందు లేదు. ముందు కుడి చెవి అయింది. ఎడమ చెవిలో సన్న కూతలు అయ్యాయి. ఆమె వేళ్లు మీట మీదికి వెళ్లాయి. కుప్పుసామికి ఏమీ వినపడలేదు. అద్దం అవతల తల్లి నిలబడి అతని ఛాతీ వైపు చూస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. అప్పుడు ఎడమ చెవిలో, లోతులో, ఒక మోత వచ్చింది. అతను బటన్ నొక్కాడు. మోత తగ్గింది. మళ్లీ నొక్కాడు. ఇంకా తగ్గింది. నొక్కుతూనే ఉన్నాడు.

పరీక్ష కాగితం మీద రెండు చెవుల గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎడమ చెవిలో లోపం లేదని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాయలేదు.

సాయంత్రం కోవిల్‌పట్టిలో దిగగానే ముత్తుప్పేచ్చి నేరుగా ఆచారి దుకాణానికి నడిచింది. తలుపు వేసి ఉంది. ఆచారి కయత్తారులో పెళ్లికి వెళ్లాడనీ, పొద్దున గానీ రాడనీ పక్క దుకాణంవాళ్లు చెప్పారు. ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. మారీశ్వరి లేపి ఇంటికి తీసుకొచ్చింది.

కుప్పుసామి కొత్త హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉరుమి విన్నాడు. మూలుగు రెండు చెవుల్లోనూ వచ్చింది. తల్లి ఎదురుగా కూర్చుని దారాన్ని చూస్తోంది. పాట పూర్తి కాకముందే హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాడు.

"రేపు మళ్లీ పెట్టించుకుంటాను మా."

"ముందు రేపు తెల్లారనీ," అంది ఆమె.

బుధవారం తెల్లవారుతుండగా ముత్తుప్పేచ్చి కొడుకు చాప పక్కన కూర్చుని, అతని ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి తగిలింది.