మడిచిన గుడ్డ

టీ ఈపాటికి చల్లారిపోయి ఉంటుంది, అయినా ఈ గదిలో చల్లారనిదేముంది, ఏసీ ఇలా పెట్టేది మనుషుల కోసం కాదు కంప్యూటర్ల కోసమట, అనుకుంటూ ఆమె శాలువా భుజాల మీదికి లాక్కుంది, ఎదురుగా మూడు బల్లలు, నేల సైన్యానిదొకటి, విమానాలదొకటి, ఉపగ్రహాలదొకటి, ఒకే వంటింట్లో ముగ్గురు తోడికోడళ్ళలా ఎవరి గిన్నె మీద వాళ్ళే మూత పెట్టుకుంటారు, ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం ఆమె ఉద్యోగం, అందుకే అందరికీ పోస్టుమాస్టరమ్మ, పేరుకే మాస్టరమ్మ, చేసేది ఉత్తరాలు పంచే పనే, అవతలివాళ్ళ ఉపగ్రహం లోయ మీదికి వస్తోంది, మనవాళ్ళని దాక్కోమనండి అని ఉపగ్రహాల బల్ల అమ్మాయి అనగానే లోయలోని దళానికి కబురు పంపింది, పైకి కనిపించేదేదీ ఉంచకండి, అది దాటిపోయేదాకా వైర్‌లెస్ కూడా కట్టేయండి, సరే అక్కా అన్నాడు అటునుంచి తమ్ముడు, డ్యూటీలో అక్కా అనొద్దని ఎంత చెప్పినా వాడి బుర్రకెక్కదు.

కనిపించేదేదీ అంటే ఆ గుడ్డ కూడా అని అప్పుడు తట్టలేదు, విమానాల బల్ల మేజరు ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ తప్పించి, లోయలో పైలట్‌కి చెట్ల కింద బండ్లు కనబడుతున్నాయట, నారింజ గుడ్డ మాత్రం లేదట అన్నప్పుడు తట్టింది, మనవాళ్ళయితే నేలమీద నారింజ గుడ్డ పరుస్తారు, గుడ్డ లేని బండ్లంటే అవతలివాళ్ళవని బాంబు వేస్తారు, పైలట్‌కి అంతకు మించి ఆనవాలు లేదు, గుడ్డ తియ్యమన్నది నేనేనండీ అంది, నాకెవరూ చెప్పలేదేమ్మా అన్నాడు, నిజమే, దాక్కోమన్న కబురు దాక్కునేవాళ్ళకే చెబుతారు, వెతికేవాళ్ళకి చెప్పే అలవాటు ఈ గదిలో లేదు.

అయితే ఆ బండ్లు మనవేనా పోస్టుమాస్టరమ్మా, ఖాయంగా చెప్పగలవా, అవతలివాళ్ళవి కూడా ఆ దారినే వస్తున్నాయి, వదిలేస్తే నీ తమ్ముడి మీదికే పోతాయి అన్నాడు మేజరు, గొంతులో కోపం లేదు, కోపం ఉంటే తిరిగి కోప్పడేది, మనవాళ్ళు చెట్ల కింద ఆగారో, ముందుకు కదిలారో ఆమెకేం తెలుసు, మన ఉపగ్రహం ఎప్పుడు చూస్తుందమ్మా అంటే ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది, మనది ఇప్పుడు సముద్రం మీద ఉందండీ, చేపల్ని చూస్తోంది కాబోలు, ఏదో ఒకటి తేల్చాల్సిన పెద్దాయన ఫోను ఎంగేజు, పైలట్ ఇంకొక్క చుట్టు తిరుగుతాడట, ఆపైన ఇంధనం చాలదట, ఆలోపు అవునో కాదో చెప్పాలట, ఆమె వైర్‌లెస్ బటన్ నొక్కి పిలిచింది, గరగర, మళ్ళీ పిలిచింది, డ్యూటీలో వద్దన్న చనువు తనే నోట్లోకి తెచ్చుకుని ఒరేయ్ అని కూడా పిలిచింది, గరగర.

చిన్నప్పుడు దాగుడుమూతల్లో తమ్ముణ్ణి బట్టల బీరువాలో దాక్కోరా అంటే దూరి అక్కడే ఉండిపోయాడు, నాన్న అరిచినా అమ్మ ఏడ్చినా చప్పుడు లేదు, చివరికి తను వెళ్ళి ఆట అయిపోయిందిరా అంటే చీరల్లోంచి తల బయటపెట్టి, నువ్వు చెప్పలేదుగా అన్నాడు, ఇల్లంతా నవ్వింది, ఏంటమ్మా, పైలట్ తిరిగొస్తున్నాడు అంటున్నాడు మేజరు, ఆమె వేలు ఇంకా బటన్ మీదే ఉంది, అంత ఆకాశంలో ఇన్ని కళ్ళు పెట్టుకుని, ఆ చెట్ల కింద ఉన్నది తమ్ముడు అవునో కాదో ఒక్క మాట చెప్పలేకపోయింది, వాడు మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసి ఉంటాడు, గుడ్డ నలగకుండా మడిచి ఉంటాడు, ఎవరు పిలిచినా రాడు, అక్క పిలిస్తేనే వస్తాడు, అక్క పిలుపు కూడా వినబడకుండా చెవులు మూసుకోమన్నది అక్కే.