గోదారి గట్టు సారు

సారపాకల పేపరుబోర్డు ఫ్యాక్టరీ పొద్దుగాల సైరను కొట్టేటాలకు భవాని బియ్యం కడిగి, ఉల్లిగడ్డలు కోసి, మొగుని దిక్కు చూస్తది. అప్పటికే చందర్ నైటు షిఫ్టు దిగొచ్చి, మొగం గూడ సరిగ్గ కడుక్కోకుండ, ఇంటి ముంగట రేకుల షెడ్డుల నల్లబండకు ఒక కొసన కూచోని ఫోను రుద్దుతుంటడు.

"ఏమయ్యా, మొదలువెట్టిన్రా?" అని అడుగుతది.

"ఆగవే. టైగర్ ఇంకా లేవలె."

టైగర్ లేస్తెనే అన్నం ఉడికేది.

చందర్‌ది ఫ్యాక్టరీల కాంట్రాక్టు పని. లారీల మీదికెళ్లి జామాయిల్ కట్టె దించుతడు. మనిషి మంచోడే, తాగడు, ఒకరి జోలికి పోడు. కానీ ఫోన్ల ఎవనితోనన్న మాటకు మాట పడిందా, ఒళ్లు మండుతది. ఒళ్లు అందరికీ మండుతది, అదేం ఇచ్చంత్రం కాదు. చందర్‌కు మండితే ఆయన కూచున్న బండ గూడ కాలుతది, అంతే. ఆరడుగుల బండ. ఈ కొసన చందర్, ఆ కొసన అన్నం గంజు. భవాని గ్యాస్ పొయ్యి అటకెక్కి ఐదేండ్లాయె. ఆ బండ మీద వండిన అన్నమే ఫ్యాక్టరీ గేటు కాడ లారీ డ్రైవర్లకు అమ్ముతది. పక్కింటి నాగక్క మోకాళ్ల నొప్పుల మనిషి, అడవిల నుంచి ఇప్పపువ్వు, తునికిపండ్లు తెచ్చి అమ్ముతది. ఆమె పొద్దుగాలనే వచ్చి బండ నడుమ కాళ్లు చాపుకొని కూచుంటది, దవాఖానా సూదుల కన్న ఇదే నయమంటది. ఆటోవాళ్లయితే చందర్ ఎక్కకముందే "అన్నా, ఫోను జేబుల పెట్టు" అంటరు. పోయినేడు ఒకాయన సీటు రెక్సిను కరిగింది మరి.

కొట్లాటలన్నీ ఒక్క తీరు గాదు. ఈ సంగతి భవానికి తెలిసినంత ఎవ్వరికీ తెల్వదు. గేమింగు లొల్లి, అంటే నువ్వు నడిమిట్ల వదిలేసి పోయినవ్, నీ నెట్టు స్లో ఉండుడు వల్లనే మనం ఓడినం, ఇట్లాంటిది, భగ్గున లేచి చప్పున సల్లారుతది. పోపుకు తప్ప దేనికీ పనికిరాదు. రాజకీయాల మంట నిలకడగ ఉంటది, అన్నానికి అదే మంచిది. ఎండలు నిజంగ ముదిరినయా, వానలు గతి తప్పినయా, తప్పితే తప్పెవరిది అని వాతావరణం మీద పడ్డరనుకో, గంటల తరబడి సన్నటి సెగ. పప్పు వెన్నలెక్క ఉడుకుతది.

ఈ యుద్ధాలన్నీ జరిగేది 'ఏజెన్సీ ఫైటర్స్' అనే గ్రూపుల. పినపాక నుంచి కుసుమంచి దాంక రెండొందల మంది, ఏదో తుపాకుల ఆట ఆడుకునేటందుకు పెట్టుకున్నరు. ఇప్పుడు ఆట తక్కువ, పంచాయితి ఎక్కువ. చందర్‌కు సరిజోడు బొగ్గుబాయి టైగర్. ఆయన అసలు పేరు సారంగపాణి, మణుగూరు దిక్కు గనిల డంపర్ నడుపుతడు. చందర్ ఆయన్ను జన్మల చూడలె. కానీ ఆయన ఎన్ని గంటలకు లేస్తడో, ఏ మాట అంటే గింజుకుంటడో చందర్‌కు కంఠతా వచ్చు. పెండ్లాం పుట్టినరోజు మాత్రం యాదికుండదు.

భవానికి మండేది గిక్కడనే. ఇంట్ల పది మాటలు అడిగితే ఒక్క "ఊఁ". ముక్కూ మొగం తెల్వనోనికి మాత్రం రెండు పేజీల జవాబు, కింద చేతులు జోడించిన బొమ్మ. ఏదన్న ఆమె నోరు తెరిస్తే "నీకేం తెలుసు" అంటడు. పదో తరగతి ఫస్టు క్లాసుల పాసైన మనిషి ఆమె. అడవి అంచున, కిన్నెరసాని వాగు పక్కన పుట్టి పెరిగింది. నీకేం తెలుసట! తిడదామంటే మంట ఫోన్ల నుంచి ఇంట్లకు తిరుగుతది, బండి నడవదు. ఊకుందామంటే పానం ఊకోదు. కక్కలేక మింగలేక పదిహేనేండ్ల సంసారం చేసింది.

ఎండకాలం మొదట్ల ఒక పొద్దు బండ సల్లగ పడిపోయింది. సంగతేందంటే, టైగర్ మెచ్చే నాయకుడు రాత్రికి రాత్రి కండువా మార్చి చందర్ పార్టీల చేరిండు. పొద్దుగాల లేచేటాలకు చందర్, సారంగపాణి ఒక్క పార్టీ అయిపోయిన్రు. ఇగ ఏమని కొట్లాడతరు? "గుడ్ మార్నింగ్ బ్రదర్" అని ఆయన, "వెరీ గుడ్ మార్నింగ్ అన్నా" అని ఈయన. బియ్యం నీళ్లల్ల నానుకుంట కూచున్నయి. డ్రైవర్లు వచ్చి చూసి, పక్క హోటలుకు పోయిన్రు.

మూడు రోజులు చూసింది భవాని. నాలుగోనాడు తన ఫోన్ల కొత్త సిమ్ము ఏసి, గ్రూపుల చేరి 'గోదారి గట్టు' అని పేరు పెట్టుకున్నది. వంటింటి తెర ఎనక నిలబడి మొదటి మాట కొట్టింది: "చందర్ గారూ, కండువా మార్చినోడు నిన్నటిదాంక దొంగ, ఇయ్యాల దేవుడెట్లయిండు? జర చెప్పున్రి."

రెండు నిమిషాలల్ల గంజు మీద మూత ఎగిరింది.

ఇగ చూడు. గేటు కాడికి అంత వేడి అన్నం ఎన్నడూ రాలె. సర్కారుబడి బెంచీలైనా, అడివి నరుకుడైనా, గేముల కోసం పోరగాండ్లు చదువు చెడగొట్టుకునుడైనా, ఏది ఎత్తినా గోదారి గట్టు కాడ ఒక మాట ఉండేది. చందర్‌కు నిద్ర కరువైంది. తిట్టుకుంటనే మురిసేటోడు. "ఈ సారు ఎవరో గానీ మస్తు చదువుకున్నోడే! భద్రాచలంల లెక్చరరయి ఉంటడు," అని నాగక్కకు చెప్పేటోడు.

ఒకనాడు పొద్దుగాల భవాని అన్నది, "ఈసారి ఇప్పపూలు పదిహేను రోజులు ముందే రాలినయంట నాగక్కకు. ఎండ పసిగట్టింది చెట్టు."

"ప్రతిదానికీ ఎండ ఎండ అంటవ్. నీకేం తెలుసు," అన్నడు చందర్.

ఆమె తెర ఎనకకు పోయి ఆ మాటనే గోదారి గట్టు పేరుతోని పెట్టింది. చందర్ చదివిండు. మళ్ల చదివిండు. లేచి వంటింట్లకొచ్చి ఫోను ఆమె మొగం ముంగట పెట్టిండు.

"చూడు, సారేమన్నడో! ఇప్పచెట్టు ఎండను పసిగడతదట. ఎంత లోతైన మాట!"

"పొద్దున నేను గూడ అదే అన్న గదయ్యా."

"నువ్వు అనుడు వేరు, సారు అనుడు వేరు."

భవాని పోపుగిన్నె కడిగిందే కడిగింది.

గట్ల శ్రావణం వచ్చింది. నాలుగొద్దుల నుంచి వాన పట్టిన పట్టు విడువలె. భద్రాచలం బ్రిడ్జి కాడ గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. పల్లపు వాడల జనాన్ని మిట్ట మీది బడిలకు తోలిన్రు. పంచాయితీ కార్యదర్శి గొడుగేసుకొని వచ్చి, "అమ్మా, బడిల నలభై మంది ఉన్నరు, పిల్లతల్లులున్నరు. గ్యాస్ బండి రాదు, కట్టెలు తడిసినయి. మధ్యాహ్నానికి నీ అన్నమే దిక్కు," అని చెప్పి పోయిండు.

భవాని వాళ్ల వాడ మాత్రం కదలలె. పన్నెండిండ్లు. అందరూ చందర్ దిక్కే చూస్తున్నరు. ఫోన్ల లోకమంతా చూసేటోడు ఆయనే కదా. చందరేమో, "ప్రతేడూ ఇదే గోల. టీవీలోళ్లు భయపెడతరు. నేను ఇప్పుడే గట్టు కాడికి పోయి చూసొచ్చిన, ఇంకా మస్తు జాగుంది," అన్నడు. ఆ మాట పట్టుకొని నాగక్క గూడ కోళ్లను గంప కింద కమ్మి, మంచమెక్కి కూచున్నది.

భవాని గంజు బండ మీద పెట్టి, గిన్నెలు కడుగుదామని పెరట్లకు పోయింది. పొద్దున మురికినీళ్ల మోరీల పారేసిన ఉల్లిపొట్టు ఆమె కాళ్ల కాడికొచ్చి తగిలింది. వంగి చూసింది. మోరీ ఎనక్కి పారుతున్నది. చిన్నప్పుడు వాళ్ల నాయన చెప్పేటోడు: గోదారి నిండితే కిన్నెరసానిని లోపలికి రానియ్యదు, అది ఎనక్కి తంతది, నీళ్లు ఎప్పుడూ ముంగట నుంచి రావు బిడ్డా, ఎనక నుంచొస్తయి.

ఉరికొచ్చి చెప్పింది. "ఏమయ్యా, మోరీ ఎనక్కి పారుతున్నది. కిన్నెరసాని తంతున్నది. గంట లోపల నీళ్లొస్తయి. పోదం పద, వాడోళ్లకు చెప్పు."

"గోదారి ముంగటుంటే నీళ్లు ఎనక నుంచి ఎట్లొస్తయే?" అన్నడు చందర్, ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే. "నీకేం తెలుసు. పో, అన్నం చూస్కో."

"నీకు దండం పెడత. ఒక్కసారి లేచి చూడు."

"సంపకు భవానీ!"

ఆమె తెర ఎనకకు పోయింది. గోదారి గట్టు రాసింది: "చందర్ గారూ, మీ వాడ ఖాళీ చెయ్యున్రి. నీళ్లు వాగు దిక్కునుంచి వస్తయి." చందర్‌కు మండింది. "సారూ, మీరు మేడ మీద కూచోని రాస్తున్నరు, మేము నేల మీదున్నం," అని ఎత్తుకున్నడు. బండ ఎర్రగ కాలింది. గంజుల ఎసరు కుతకుత ఉడుకుతున్నది. ఇంకొక పావుగంట ఆయన్ను గట్లనే మండిస్తే అన్నం అయిపోతది. ఆయన ఒప్పుకున్నడా, బండ సల్లారుతది, నలభై మందికి పలుకు బియ్యమే గతి. కానీ మోరీ నీళ్లు అప్పటికే పెరటి గడప నాకుతున్నయి. పక్కింట్ల మంచం మీద నాగక్క కాళ్లు కిందికి వేలాడేసి, ఏదో పాత పాట కూనిరాగం తీసుకుంట కూచున్నది.

అన్నం పోతే పోయిందనుకున్నది భవాని. రాసింది: "మీ పెరట్ల మోరీల ఒక ఉల్లిపొట్టు ఏసి చూడున్రి. అది ఎటు పోతదో నాకు చెప్పున్రి."

చందర్ లేచిండు! తెర జరిపి, చేతిల ఫోనుతోని నిలబడ్డ పెండ్లాన్ని దాటి పెరట్లకు పోయిండు, ఆమె దిక్కు కన్నెత్తి చూడలె. ఉల్లిపొట్టు ఏసిండు. అది తిరుక్కుంట తిరుక్కుంట వచ్చి గడప దాటి వంటింట్లకు చేరింది. చందర్ అక్కడనే నిలబడి రాసిండు: "అవ్ సార్. మీరు చెప్పిందే నిజం. నాకు తట్టలె. క్షమించున్రి."

షెడ్డుల కుతకుత ఆగిపోయింది.

"లేవున్రి, లేవున్రి! సారు చెప్పిండు, నీళ్లొస్తున్నయి!" అని చందర్ వాడంతా ఉరికిండు. పన్నెండిండ్ల జనం పిల్లల్ని, మేకల్ని, కాయితాలను ఎత్తుకొని బయటపడ్డరు. చందర్ నాగక్కను వీపు మీద ఎత్తుకున్నడు. భవాని కొంగు చుట్టకుదురు చేసి, సగం ఉడికిన అన్నం గంజు నెత్తి మీద పెట్టుకున్నది. పారేయబుద్ధి కాలె. వాళ్లు రోడ్డెక్కేటాలకు నీళ్లు మోకాళ్ల దాంక వచ్చినయి. ఎనక రేకుల షెడ్డు ఒక దిక్కుకు వాలింది.

"సారు లేకుంటే మునిగిపోతుంటిమి," అన్నడు చందర్ రొప్పుకుంట. "ఆయన ఎక్కడున్నా పోయి కాళ్లు మొక్కాలె."

"ఆ సారు నేనే," అన్నది భవాని.

చందర్ నవ్విండు. "ఊకో. నవ్వులాటకు గూడ టైముండాలె. ఆయన రాత చూసినవా నువ్వు?"

"ఉల్లిపొట్టు సంగతి రాసింది నేను. ఇప్పపూల సంగతి నేను. కండువా సంగతి నేను. నోటితోని చెప్తే దండం పెట్టినా లేవకపోతివి. అదే మాట ఎవడో మొగోడు చెప్పిండనుకుంటే ఉరికితివి."

"అది గాదే భవానీ, నీకేం తెలు..."

ఆ మాట పూర్తి గాకముందే భవానికి అరికాళ్ల మంట నెత్తికెక్కింది. పదిహేనేండ్లది. అంత నీళ్లల్ల నడుస్తున్నా ఒళ్లంతా కొలిమయింది. గంజు మూత తకతకలాడింది. బుస్సున ఆవిరి లేచి వానల కలిసింది. అన్నం వాసన రోడ్డంతా కమ్ముకున్నది. ముంగట పోయేటోళ్లు ఎనక్కి తిరిగి చూసి, పిల్లలకు ఆకలి యాదికొచ్చి, జల్దీ జల్దీ నడిచిన్రు.

చందర్ రెండడుగులు పక్కకు జరిగిండు.

వీపు మీద నుంచి నాగక్క మెడ చాచి గంజు దిక్కు చూసింది. "ఇంకొంచెం మాట్లాడు తమ్మీ," అన్నది. "ఇంకా పలుకున్నట్టుంది."

చందర్ మళ్ల నోరు తెరిస్తే ఒట్టు.

బడి వరండాల గంజు దించేటాలకు అన్నం పువ్వులెక్క విచ్చుకొని ఉన్నది. చందర్ సాయం పట్టబోయి, చెయ్యి కాలి, ఎనక్కి గుంజుకున్నడు. గోడకానుకొని ఫోను తీసిండు. గ్రూపుల టైగర్ అడుగుతున్నడు: "తమ్మీ, మీ వాడోళ్లు భద్రమేనా? ఇంతకూ ఈ గోదారి గట్టు సారు ఎవరు?"

చందర్ రెండుసార్లు రాసి చెరిపేసిండు. ఆఖరికి, "మా ఇంటామె అన్నా. పేరు భవాని," అని పంపి, ఫోను జేబుల పెట్టి, గరిటె అందుకొని వరుసల కూచున్న పిల్లల కాడికి పోయిండు.

భవాని ఫోను టింగుమన్నది. తీసి చదివింది. మళ్ల జాకెట్ల దోపుకొని, పప్పుగిన్నె ముంగటేసుకొని కూచున్నది. ఒక్క ముక్కకు సల్లారేటందుకు అది నిన్న మొన్నటి కోపమా? పప్పు దాని మీదనే ఉడికింది. నీళ్లు తీసేదాంక ఎనిమిది రోజులు, బడిలున్న జనానికి రెండు పూటలా దాని మీదనే వండి పెట్టింది. ఇంకా మిగిలింది.